బాకు గుర్తు

సోమవారం పొద్దున్న పదకొండు గంటలకి, ఐదువందల ఏళ్ల కిందట చచ్చిపోయిన ఒక ఇంగ్లీషు మాట నిఘంటు కార్యాలయం మెట్లెక్కి వచ్చి, హైమవతి బల్ల ముందున్న కుర్చీలో కూర్చుంటుంది.

దాని ఒంటి మీద తడిసిన గొర్రెతోలు ఉంది. ఎడమ రొమ్ము కింద జానెడు బాకు పిడిదాకా దిగి ఉంది. వాడుక పోయిన మాటల ముందు నిఘంటువులో చిన్న బాకు బొమ్మ వేస్తారు. అచ్చులో చూసేవాళ్లకి అది బొమ్మే. ఎదురుగా వచ్చి కూర్చుంటే మాత్రం ఇనుము, తుప్పు, కింద రెండు చుక్కల నీళ్లు.

హైమవతికి ఇది కొత్తేమీ కాదు. కాకినాడలో, ఉప్పుగాలికి తలుపులన్నీ ఉబ్బిపోయిన ఈ కార్యాలయంలో ఇరవయ్యారేళ్లుగా ఆమె కార్డులు రాస్తోంది. చచ్చిన మాటలు వారానికి రెండైనా వస్తాయి. తెలుగులో అర్థం రాయించుకుంటేనే వాటికి పుస్తకంలో చోటు. లేకపోతే మెట్ల మీదే ఉండిపోతాయి, వచ్చేపోయేవాళ్ల కాళ్లకి అడ్డంపడుతూ.

"పేరు?" అంటుంది హైమవతి, కొత్త కార్డు తీసి.

"విల్నింగ్."

"ఏం పని చేసేవారు?"

"కోరుట. ఒకరు దేనినైనను కోరినచో, ఆ కోరుట నేను."

ఇక్కడికి వచ్చే చచ్చిన మాటలన్నీ పాత పుస్తకాల్లోంచే తెలుగు నేర్చుకుంటాయి. అంచేత పుస్తకం గొంతు సవరించుకున్నట్టు మాట్లాడతాయి. హైమవతి నవ్వదు. ఎదటివాళ్లని చూసి నవ్వడం ఆమెకి అలవాటు లేదు, ఎదటివాళ్లకి బాగానే ఉంది.

"మీ చరిత్ర చెప్పండి. క్లుప్తంగా. కార్డు మీద నాలుగు గీతలే ఉంటాయి."

విల్నింగ్ చెబుతుంది. "నన్ను మొదట పలికినది ఒక కోతల కూలి. ఆమెకు ఆకలిగా నుండెను. రొట్టె కావలెననెను. పిమ్మట సన్యాసులు నన్ను మఠమునకు కొనిపోయి, దేవుని తప్ప మరి దేనిని కోరరాదనిరి. అచట సన్నబడితిని. తరువాత సముద్రము దాటి దొరలు వచ్చిరి. వారి వెంట డిజైర్ అను మాట వచ్చెను, పట్టు కట్టుకొని. దానికి భోజనపు బల్ల యొద్ద చోటు చూపి, నన్ను పశువుల కొట్టమునకు పంపిరి."

"మీవాళ్లెవరూ లేరా?"

"విల్ అని నాకొక అన్న. బ్రతికియే యున్నాడు. కాని వానికిప్పుడు కోరికలు లేవు. రేపు జరుగబోవు పనులను మోసెడి కూలి."

"ఆఖరిసారి మిమ్మల్ని ఎవరైనా అన్నది ఎప్పుడు?"

ఇక్కడ విల్నింగ్ కాస్త ముందుకి వంగుతుంది. బాకు పిడి బల్ల అంచుకి తగులుతుంది. "వ్రాతలో నున్నది వేరు, జరిగినది వేరు. నేను చచ్చితినని వ్రాసిన పిమ్మట నూరేండ్లు బ్రతికితిని. వంటయిండ్లలో, బావుల కడ, ఆడవాండ్ర నోళ్లలో. వ్రాయువారు అటు రాలేదు. బ్రతికియున్న నా రొమ్మున బాకు దించిరి."

ఆ మాట రాయడానికి కార్డు మీద ఐదో గీత లేదు. హైమవతి కలం కాసేపు గాల్లో పట్టుకుని, దించేస్తుంది.

"ఇచ్ఛ, కోరిక, ఇష్టం," అంటుంది. "మూడింటిలో మీకేది కావాలో చెప్పండి, రాసిస్తాను."

"ఇష్టము నొసగుడు. అది మూడింటిలో వెచ్చగా నున్నది."

అర్థం ఇచ్చేవాళ్లు ఆ మాటని తాము వాడుతున్నట్టు రుజువు జతచేయాలి. కార్యాలయం పెట్టిన నాటి నుంచీ ఉన్న నిబంధన ఇది. తాము ముట్టని కూర పక్కవాళ్ల విస్తట్లో వడ్డించకూడదని కాబోలు. హైమవతి లేచి, సిబ్బంది బీరువా తెరిచి, తన కార్డు తీస్తుంది. ఇక్కడ మాటలకీ మనుషులకీ వేరు వేరు బీరువాలు లేవు.

కార్డు మీద ఇలా ఉంది. 'హైమవతి ఇష్టం. ఆఖరి ప్రయోగం: 1996 మే 11, యానాం వెళ్లే బస్సులో. వాక్యం: కిటికీ పక్కన నేను కూర్చుంటాను. విన్నవారు: కండక్టరు. ఆ తరవాత ప్రయోగాలు దొరకలేదు. ఈ సాయంత్రం ఐదు గంటలకి బాకు గుర్తు వేయవలెను.'

ఆమెకి ఆ బస్సు గుర్తొస్తుంది. పెళ్లయి పదకొండు రోజులు. ఎండ పడుతుంది, ఇటు జరుగు అన్నాడు భర్త. ఆ కిటికీ పక్కన ఆయన పెదనాన్న కూర్చున్నాడు, దారంతా నిద్రపోయాడు. తన ఇష్టం ఆ బస్సులోనే దిగిపోయిందని, తను మాత్రం ఇంటికి వచ్చిందని ఇంతకాలం హైమవతికి తెలీదు.

ప్రధాన సంపాదకులు దీక్షితులు గారు మంచివారు. లోకంలో ఇలాంటి పనులన్నీ మంచివాళ్లే చేస్తారు, చెడ్డవాళ్లకి అంత ఓపికెక్కడిది. ఆయన కళ్లజోడుకి రెప్పలున్నాయి. విసుగొచ్చినప్పుడు అవి మూసుకుంటాయి, వెనక కళ్లు మాత్రం తెరుచుకునే ఉంటాయి.

"ఇది పొరపాటండి," అంటుంది హైమవతి, కార్డు ఆయన ముందు పెట్టి. "నేను బతికే ఉన్నాను."

"బతికే ఉన్నారమ్మా, ఎవరు కాదన్నారు? మీ ఇష్టం సంగతి వేరు. పాతికేళ్లు దాటి ప్రయోగం దొరక్కపోతే గుర్తు వేసేస్తాం. ఆ లెక్కన మీకు మూడేళ్లు ఎక్కువే ఇచ్చాం. మీ చేత్తో మీరు ఎన్నిటికి వేయలేదు?"

"నేను రోజూ ఏదో ఒకటి కోరుకుంటూనే ఉంటానండి."

"ఎవరైనా రాశారా?"

"లోపల కోరుకున్నవి ఎవరు రాస్తారండి?"

"అదే నేనూ అడుగుతున్నాను," అంటారు దీక్షితులు గారు, ఎంతో మర్యాదగా. "ఐదు లోపు ఒక్క ప్రయోగం పట్టుకురండి. మీరు కోరగా ఇంకొకరు విన్నది. ఎవరికి వారు సాక్ష్యం చెప్పుకుంటే చెల్లదని మీకు తెలుసు."

గుర్తు వేస్తే ఏమవుతుందో కూడా హైమవతికి తెలుసు. కిందటేడు కింది అంతస్తులో జగదాంబ గారికి వేశారు. ఆవిడిప్పుడు కూర్చోబెట్టిన చోట కూర్చుంటుంది. గ్లాసు చేతికిస్తే నీళ్లు తాగుతుంది, ఇవ్వకపోతే దాహమేయదు. ఆవిడ అసలేమిటో, ఆవిడకి ఏం నచ్చుతుందో కొడుకూ కోడలూ కలిసి రాసిచ్చారు. చక్కటి దస్తూరీ. అది చదివి అందరూ ఆవిడ చాలా సుఖపడిపోయిందంటారు.

అది గుర్తొచ్చేసరికి హైమవతికి అరికాళ్ల నుంచి సన్నగా వేడి మొదలవుతుంది. మొదట భయమనుకుంటుంది. భయమైతే చల్లగా ఉండాలి కదా. ఇది వేరే.

ఎవరెప్పుడు ఏమన్నారో రాసిన కార్డులుండే ప్రయోగాల గది తాళాలు అటెండరు గవర్రాజు దగ్గరుంటాయి. ముప్ఫయ్యారేళ్ల సర్వీసు. బాకులు దించే సుత్తి కూడా ఆయన దగ్గరే. అక్షరాలు బళ్లో నేర్చుకున్నవి కావు, కార్డులు మోస్తూ మోస్తూ వచ్చినవి.

"మీ పేరు మీద బోల్డున్నాయండి అమ్మగోరూ," అంటాడు తలుపు తోస్తూ. "ఏటండీ, మీకేటి బయం? గది నిండా మీయే."

గది ఎప్పుడూ పది అడుగులే. ఇవాళ హైమవతి అడుగు వేసినప్పుడల్లా ఒక బారెడు పెరుగుతోంది. రెండు పక్కలా నేల నుంచి కప్పుదాకా చెక్క డబ్బాలు. ప్రతి డబ్బా మీదా తన పేరే. ఆమె గుండె తేలికవుతుంది. ఇన్ని ఉన్నాయంటే తనకి ఇన్నిసార్లు ఇష్టం కలిగిందన్నమాట, ఎవరో కూర్చుని రాశారన్నమాట. ఒక డబ్బా దించి కార్డు తీస్తుంది.

'1999 ఆగస్టు 2. పాపకి ఏం పేరు పెడదామని అడగగా: మీ ఇష్టం.'

ఇంకోటి తీస్తుంది. 'కూర ఏం చెయ్యాలో తనే అడిగి, తనే: మీ ఇష్టం.' ఇంకోటి. 'ప్రమోషన్ మీద రాజమండ్రి వెళ్తావా అని కార్యాలయం అడగగా: ఆయన్ని అడిగి చెప్తానండి. ఆయన్ని అడిగి, ఆయనతో: మీ ఇష్టం.' చీర రంగు, మీ ఇష్టం. ఆపరేషన్ ఎప్పుడు, మీ ఇష్టం. ఫ్యాను స్పీడు, మీ ఇష్టం. డబ్బా తరవాత డబ్బా, ఆ రెండు మాటలే. కార్డులు తాకితే ఇప్పుడే నోట్లోంచి పడ్డట్టు తడిగా ఉన్నాయి.

"ఇయ్యన్నీ ఇష్టాలే కదండీ," అంటాడు గవర్రాజు.

"ఇష్టాలే. నావి కావు," అంటుంది హైమవతి. గొంతు మామూలుగానే ఉంది. అరికాలి వేడి మోకాళ్లకి ఎక్కింది. "ఇవన్నీ ఎవరివో వాళ్ల సొరుగుల్లో పెట్టాలి. నా పేరు మీద ఎందుకు పెట్టారు?"

"మీ నోట్లోంచి వచ్చినయ్యి కదండీ మరి."

ఆయన మాటలో తప్పు లేదు. అందుకే ఇంకా మండుతుంది.

గది చివర ఒక తలుపు. తెరిస్తే అవతల ఆమె వంటిల్లు. పన్నెండున్నర అయింది. ఇరిగేషన్ ఆఫీసులో పని చేసే భర్త చంద్రమౌళి భోజనానికి వచ్చి కూర్చున్నాడు. బల్ల ఇవాళ పందిరంత పొడుగుంది. ఆయన ఈ కొసన, పెరుగు గిన్నె ఆ కొసన. ఆయన ఆ గిన్నెకేసి చూస్తూ కూర్చున్నాడు, ఎవరో వచ్చి జరుపుతారని.

హైమవతి జరపదు. అలా నిలబడి అడుగుతుంది. "ఏవండీ, మీ ముందు నేనెప్పుడైనా ఏదైనా కావాలన్నానా? బాగా ఆలోచించి చెప్పండి. ఐదింటికి నాకు బాకు వేసేస్తారు."

చంద్రమౌళి బాగానే ఆలోచిస్తాడు. చెడ్డవాడేం కాదు, గట్టిగా కసిరి ఎరగడు. "లేదు హైమా. ఎప్పుడూ అడగలేదు నువ్వు. నేనెప్పుడన్నా కాదన్నానా?"

"అడగనిది మీరెలా కాదంటారు?"

"అదే కదా. కాదన్న పాపాన పోలేదు నేను." ఆయన మొహం వెలుగుతుంది. "నేనొచ్చి చెప్తాలే మీ ఆఫీసులో. ఇరవై ఎనిమిదేళ్లలో ఒక్క కోరిక కోరలేదు మా ఆవిడ, అని చెప్తా. అంతకంటే ఏం కావాలి సాక్ష్యం?"

"ఆ మాట చెప్తే నేను పోతానండి."

"పొగిడితే పోవడమేంటి, నీ పిచ్చి గానీ," అంటాడు చంద్రమౌళి. చెయ్యి కడుక్కుని, మంచి చొక్కా వేసుకుంటాడు.

ఆయన్ని ఆపడానికి ఆమె నోరు తెరుస్తుంది. ఏం మాట వస్తుందో ముందే తెలిసిపోతుంది. నాలిక మీదకి వచ్చేసిన ఆ రెండు మాటలని పళ్లు బిగించి మింగేస్తుంది. గొంతు కాలుతుంది.

తిరిగి వచ్చేసరికి మూడున్నర. విల్నింగ్ ఇంకా అదే కుర్చీలో ఉంది. హైమవతి తన కార్డు మళ్లీ తీసి, ఈసారి వెనక్కి తిప్పుతుంది. పొద్దున్న కంగారులో వెనక వైపు చూడలేదు. అక్కడొక గీత రాసుంది. 'అర్థానికి: చంద్రమౌళి ఇష్టం చూడుము.'

నిఘంటువులో చూడుము అంటే ఇక్కడ లేదు, అక్కడికి వెళ్లమని. చంద్రమౌళి కార్డు ఉత్తరపు గదిలో ఉంది. హైమవతి పరిగెడుతుంది. దాని వెనక రాసుంది: 'ఇంటి ఇష్టం చూడుము.' అంటే ఆయనకీ సొంత అర్థం లేదు. జాలిపడాల్సిన చోటే. కానీ జాలిపడీ జాలిపడీ హైమవతికి ఈ గతి పట్టింది, ఆమె ఆగదు.

ఇంటి ఇష్టం పడమటి గదిలో. వెనక రాసుంది: 'నలుగురి ఇష్టం చూడుము.'

నలుగురి ఇష్టం దక్షిణపు గదిలో, అన్నిటికంటే పెద్ద సొరుగులో, ఒక్కటే ఉంది. నలుగురూ ఏమనుకుంటారో అని ఊరు ఊరంతా భయపడే ఆ కార్డు అరచేయంతే ఉంది. హైమవతి దాన్ని వెనక్కి తిప్పుతుంది.

'హైమవతి ఇష్టం చూడుము.'

ఆమె అక్కడే నేల మీద కూర్చుంటుంది. దీన్ని చక్రం అంటారు. ఒక మాటకి అర్థం ఇంకో మాటలో చూడమని, అక్కడికి వెళ్తే మళ్లీ మొదటి దాంట్లోనే చూడమని. నిఘంటువు పనిలో ఇంతకు మించిన తప్పు లేదు. చేరిన మొదటి రోజునే నేర్పుతారు. ఇతరులు రాసిన చక్రాలు హైమవతి ఈ చేత్తో వందలకొద్దీ విప్పింది.

నాలుగు కార్డుల వెనకా దస్తూరీ ఒకటే. గుండ్రటి అక్షరాలు, వత్తులు కాస్త కుడికి వాలి. ఉద్యోగంలో చేరిన ఏడాది, కట్టలకొద్దీ పేర్లిచ్చి రాయమంటే, చోటు కలిసొస్తుందని తనే చూడుము అని రాసుకుంటూ పోయింది. ఎంత పొందిగ్గా రాస్తావమ్మా అని అందరూ మెచ్చుకున్నారు.

మొదట తన మీదే కోపం వస్తుంది. లెంపలు వాయించుకోవాలనిపిస్తుంది. తరవాత ఆ మెచ్చుకున్నవాళ్ల మీద వస్తుంది. తరవాత, ఈ చక్రంలో ఎవరూ ఎవరినీ ఏమీ అడగకుండా ఇన్నేళ్లు నలుగురు తన భుజాల మీద, తను నలుగురి భుజాల మీద ఊరేగినందుకు వస్తుంది. ఒళ్లు భగ్గుమంటుంది. ఆమె కూర్చున్న చోట నేల మీద పాలిష్ కరిగి, పగుళ్లలోకి కారుతుంది.

ఐదింటికి పెద్ద గదిలో అందరూ చేరతారు. చంద్రమౌళి ముందు వరసలో, తల దువ్వుకుని. గోడ పక్కన విల్నింగ్. గవర్రాజు చేతిలో సుత్తీ, కొత్త బాకూ.

హైమవతి నాలుగు కార్డులూ దీక్షితులు గారి ముందు పరుస్తుంది. "చక్రమండి. ఇది చెల్లదు. చక్రమున్న కార్డు మీద గుర్తు వేయకూడదు."

దీక్షితులు గారు నాలుగూ చదివి, వరసగా సర్దుతారు. "చక్రమైతే ఏమైందమ్మా? ఒకరినొకరు చూసుకుంటూ ప్రశాంతంగా ఉన్నారు. ఇన్నాళ్లూ ఒక్క ఫిర్యాదు లేదు. సాక్షి ఎవరు?"

చంద్రమౌళి లేచి గొంతు సవరించుకుంటాడు. "మా ఆవిడ బంగారమండి. అందరికీ తలలో నాలుక. ఇరవై ఎనిమిదేళ్లు, నాకిది కావాలని ఒక్కసారంటే ఒక్కసారి అడిగిన మనిషి కాదు." ఆయన కళ్లు చెమరుస్తాయి. నిజంగానే చెమరుస్తాయి. అందరూ చప్పట్లు కొడతారు.

దీక్షితులు గారు తలాడిస్తారు. గవర్రాజు దగ్గరికొస్తాడు. "ఏటనుకోకండమ్మా. ఐదయిపోయిందండి." బాకు మొన ఆమె ఎడమ రొమ్ము కింద ఆనుతుంది. చల్లగా ఉంది. ఒళ్లంతా కాలిపోతుంటే ఆ చల్లదనం హాయిగా కూడా ఉంది, దిగనిచ్చేస్తే పోయె అనిపించేంత హాయిగా. సుత్తి లేస్తుంది.

"వద్దు," అంటుంది హైమవతి.

ఉబ్బిపోయిన తలుపులు అన్నీ ఒక్కసారి టపటపా తెరుచుకుంటాయి. చంద్రమౌళి వెనక్కి తిరిగి చూస్తాడు, ఆ మాట ఎవరన్నారా అని.

"నేనే అన్నాను. వద్దు. నాకీ బాకు వద్దు. ఈ చప్పట్లు వద్దు. నన్ను బంగారం అనొద్దు, బంగారాన్ని బీరువాలో పెట్టి తాళం వేస్తారు. పాపకి ఏం పేరని నన్నడిగి, నా చేత మీ ఇష్టం అనిపించుకుని, మళ్లీ నేనేమీ అడగలేదని ఊరంతా చెప్పొద్దు. నాకు ఒళ్లు మండిపోతోంది. ఇరవై ఎనిమిదేళ్లుగా మండుతోంది. పులుసు తెర్లుతోందనుకున్నారు మీరంతా!"

సుత్తి గాల్లోనే ఆగిపోతుంది. గవర్రాజు దాన్ని నెమ్మదిగా కింద పెట్టి, జేబులోంచి ఖాళీ కార్డు తీస్తాడు. నాలిక బయటపెట్టి, ఒక్కో అక్షరం దిద్దుతూ రాస్తాడు. "ఇన్నానండి," అంటాడు దీక్షితులు గారితో. "నేను ఇన్నాను, రాసేసేను. ఐదుగంటల రెండు నిమిసాలు. ఇన్నోడి పేరు గవర్రాజు."

దీక్షితులు గారి కళ్లజోడు రెప్పలు ఒకసారి మూసుకుని తెరుచుకుంటాయి. "వద్దనడం ఇష్టం ఎలా అవుతుందయ్యా? అది ఇష్టం లేకపోవడం. లేనిదానికి కార్డు ఉండదు."

అప్పుడు గోడ పక్క నుంచి విల్నింగ్ లేస్తుంది. గొర్రెతోలు నీళ్లు కారుతూ మధ్యకి వస్తుంది. "అయ్యా, నన్ను ఆఖరున పలికినది ఒక నేతపని చేసెడి ముసలిది. ఆమె మగ్గమును అమ్మివేయుటకు కొడుకులు బండి తెచ్చిరి. ఇది నా విల్నింగ్ కాదు, అని ఆమె గుమ్మమునకు అడ్డముగా నిలిచెను. అంతవరకు ఆమె నోట నేనుంటినని వారెవరికిని తెలియదు. కాదన్నప్పుడే తెలిసినది."

"మగ్గం ఉందా?" అని అడుగుతుంది హైమవతి.

"బండి ఖాళీగా పోయెను."

దీక్షితులు గారు గవర్రాజు రాసిన కార్డు తీసుకుని, దీపం దగ్గర పట్టుకుని, ఇటూ అటూ తిప్పి, ముద్ర వేస్తారు. గుర్తు దిగకముందు విన్నది చెల్లుతుంది. నిబంధన నిబంధనే, ఆయన మంచివారు.

"ప్రయోగం నమోదైంది. అర్థం ఖాళీగా ఉంది," అంటారు. "అర్థం లేని కార్డుని ఉంచలేను. మీ సొరుగులో అడుగున ఏమైనా ఉంటే ఇప్పుడే తీయండి. ఏమీ లేకపోతే గవర్రాజు సుత్తి తీసుకుంటాడు."

హైమవతి బీరువా ముందు మోకాళ్ల మీద కూర్చుంటుంది. సొరుగు సగందాకా వచ్చి ఆగిపోతుంది. ఆ సందులోంచి చెయ్యి లోపలికి పెడుతుంది. సొరుగు లోతు మూరెడే. చెయ్యి మోచేతిదాకా వెళ్తుంది, తరవాత భుజందాకా వెళ్తుంది. లోపల వాన పడుతోంది. బురదగా ఉంది. ఆ బురదలో వేళ్లతో తడుముతూ ఉంటే, అవతల నుంచి ఒక చెయ్యి వచ్చి ఆమె చేతిని పట్టుకుంటుంది.

పట్టు గట్టిగా ఉంది, మంచితనం ఏమీ లేని పట్టు. గోళ్లు దిగుతాయి. హైమవతి పళ్లు కొరుక్కుని, ఒక కాలు బీరువాకి తన్నిపెట్టి, లాగుతుంది.

ముందు మణికట్టు వస్తుంది, తరవాత మోచెయ్యి. నల్లగా, ఎండకీ వానకీ పనికీ అలవాటైన ఆడ చెయ్యి. మోచేతి పైన భుజం ఉండాలి. అక్కడ ఇంకో మోచెయ్యి ఉంది. దాని పైన ఇంకోటి. హైమవతి లాగేకొద్దీ చెయ్యి వస్తూనే ఉంది, మడతలు మడతలుగా గదిలో పడుతుంది. దీక్షితులు గారి బల్లని గోడకి నెడుతుంది. కార్డుల డబ్బాలు దాని కింద పెళపెళా విరుగుతాయి.

"హైమా, ఇంక చాలు," అంటాడు చంద్రమౌళి, కాళ్లెత్తి కుర్చీ మీద పెట్టుకుని. "ఇదంతా ఎక్కడ పెడతాం మనం?"

ఆమె ఇంకో మూరెడు లాగుతుంది. ఆ ప్రశ్న ఆమెది కాదు.

గవర్రాజు కిటికీలు తెరిచి, చెయ్యి మడతలు ఎత్తి బయటికి వదులుతాడు. విల్నింగ్ మెట్ల మీద నిలబడి అందుకుంటుంది. చెయ్యి మెట్లు దిగి రోడ్డెక్కుతుంది. ఆటోలు ఆగిపోతాయి. జనం దుకాణాల అరుగులెక్కి చూస్తారు. అది వెచ్చగా ఉంది, పొడుగునా నాడి కొట్టుకుంటోంది. నాడి కొట్టుకున్నప్పుడల్లా రోడ్డు మీద దుమ్ము చిన్నగా లేచి పడుతుంది. మెయిన్ రోడ్డు నిండి, చెయ్యి సందుల్లోకి తిరుగుతుంది. ఇళ్ల ముందు ఆడవాళ్లు పనులాపి, కొంగులు బిగించి, తమ గుమ్మం ముందుకొచ్చిన మోచేతిని పట్టుకుని, ఎవరూ చెప్పకుండానే లాగడం మొదలుపెడతారు.

"అర్థం ఏమని రాయమంటారమ్మా?" అని అడుగుతారు దీక్షితులు గారు, గోడకి నొక్కుకుపోయిన చోటు నుంచి.

"ఆగండి," అంటుంది హైమవతి. ఆమె అరచేతిలో ఆ పట్టు ఇంకా సడలలేదు, తనదీ సడలలేదు. "ఇంకా భుజమే రాలేదు."